గొట్టంలో మట్టికి రక్షణ

పాతకారు ప్రయాణ సాధనం కాదు. సలహాలు చెప్పాలని తహతహలాడే పెద్దమనుషుల కోసం మానవజాతి కనిపెట్టిన ఇనుప వేదిక అది. మా బాబాయి కారు బాగుచేయబోయి నేనీ సత్యం తెలుసుకున్నాను.

బాబాయికి చూపు మందగిస్తోంది. వానలు వెలిసేదాకా నడపండి, ఆ తరువాత స్టీరింగు ముట్టుకోవద్దని కళ్ళ డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఈలోగా పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఊరు చుట్టి రావాలని ఆయన ఆశ. పెళ్ళయిన కొత్తలో ఆవిడను ఎక్కించుకు తిరిగిన కారు అదే. షెడ్డులో ఏళ్ల తరబడి పడుండి, ఇప్పుడు స్టార్టు కానని మొరాయిస్తోంది.

"పెట్రోలు గొట్టంలో మట్టి చేరుంటుందిరా. విప్పి గట్టిగా ఊదితే పోతుంది," అన్నాడు బాబాయి.

అంత తొందరపాటు నాకు నచ్చలేదు. పాతకార్ల ప్రేమికుల వాట్సాప్ గ్రూపులో చేరి, గొట్టం ఏ విధంగా ఊదవలెనని అడిగాను. (ఊదడానికి నోరుంటే చాలదా, గ్రూపెందుకురా అంది పిన్ని. ఆవిడకు సంస్థలంటే గౌరవం లేదు.)

వెంటనే అధ్యక్షులవారు ఫోన్ చేశారు. ఆయన ఒకప్పుడు పళ్ళ డాక్టరు.

"ఆగండాగండి! ఆ మట్టి ఏ కాలం నాటిది?"

నాకు తెలియదన్నాను. ఆయన వెంటనే నియమావళి తెరిచారు. కారుతోపాటు ముసలిదైన ప్రతి పదార్థమూ అసలు సామగ్రి కిందికే వస్తుందని, దాన్ని ఊదిపారేయడం వారసత్వ విధ్వంసమని గ్రూపు నియమం. తక్షణం మట్టి పరిశీలక ఉపసంఘం ఏర్పడింది. గొట్టాన్ని మట్టితో సహా, మట్టికి తెలియకుండా, విప్పమన్నారు. గొట్టం రావాలంటే ట్యాంకు దిగాలి, ట్యాంకు దిగాలంటే వెనకసీటు లేవాలి. సీటు లేచాక కింద బయటపడిన రంగు, పైరంగు ఒకటి కాదని రంగుల శాఖ కన్వీనరు ఫోటోలో పసిగట్టాడు. పైది మీగడ రంగు, కిందది వెన్న రంగు. ఆనాటి నుంచి గ్రూపులో మీగడ వర్గానికీ వెన్న వర్గానికీ మాటల్లేవు. వాయిస్ మెసేజీలు మాత్రం ఉన్నాయి. నిజం తేలేదాకా తలుపులు కూడా ఊడదీసి ఉంచమన్నారు.

బాబాయి రోజూ సాయంత్రం షెడ్డుకు వచ్చేవాడు.

"ఎంతవరకొచ్చిందిరా?"

"చర్చ తుదిదశలో ఉంది బాబాయ్."

ఆయన్ని చూస్తే నాకు జాలేసేది. కానీ సభ్యత్వం తీసుకున్నవాడు జాలికి లొంగకూడదు. అయినా ఉండబట్టలేక, ఇంతకీ కారెప్పుడు నడుస్తుందని ఒకసారి అధ్యక్షులవారినే అడిగాను.

"నడవడమేమిటండీ?" ఆయన నొచ్చుకున్నారు. "నడిచే కారు అరుగుతుంది. అరిగాక అది అసలైనదెలా అవుతుంది? నా కారు చూడండి, కొన్ననాటి నుంచి చక్రాల కింది ఇటుకల మీంచి దిగలేదు."

ఆ గొంతులో కన్నతండ్రి మురిపెం వినిపించింది.

వానలు వెలిశాయి. ఒక ఉదయం బాబాయి కళ్ళ డాక్టరిచ్చిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, గోడ తడుముకుంటూ షెడ్డులోకి వచ్చాడు. అప్పటికి కారులో డ్రైవరు సీటూ స్టీరింగూ మాత్రమే మిగిలి ఉన్నాయి. వాటి జోలికి ఇంకా ఏ ఉపసంఘమూ రాలేదు. ఆయన ఎక్కి కూర్చున్నాడు. పిన్ని వంటింట్లోంచి స్టూలు తెచ్చి పక్కన వేసుకుని కూర్చుంది.

"మెల్లగా పోనివ్వండి, ముందు గతుకులున్నాయి," అంది.

"నాకు తెలుసులేవే. నువ్వు గట్టిగా పట్టుకో."

నాకు ఏడుపొచ్చింది. (సభ్యులు దీనికి అభ్యంతరం చెప్పలేదు. వారికి తెలియదు.) ఆ ఇద్దరినీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. స్టీరింగు అచ్చంగా అసలైనదేనని మీగడ వర్గం, వెన్న వర్గం తొలిసారి ఒక్కమాట మీద మెచ్చుకున్నాయి.

అధ్యక్షులవారిది మాత్రం ఒక్కటే అభ్యంతరం. బాబాయి పెట్టుకున్న నల్లకళ్ళద్దాలు ఆ కాలానివి కావట. అవి తీయించి మరో ఫోటో పెట్టమన్నారు.