మట్టి చిరుత చూపిన దారి

కొండల నడుమ ఒక పెద్ద అడవిలో, ఒక వేసవిన కార్చిచ్చు పుట్టింది. అడవిగేదె పోలమ్మ వాగు రేవు దగ్గర నిలబడి, దారి తెలియక తిరుగుతున్న జంతువులన్నిటినీ కొమ్ములతో నెట్టి అవతలి ఒడ్డుకు చేర్చింది. అందరూ దాటాక చూసుకుంటే ఆమె వీపు కాలిపోయి ఉంది.

అందరికంటే ముందు పారిపోయింది అడవి పెద్ద, చిరుత భీమప్ప. పక్క అడవిలో తిన్నది అరక్క చచ్చిపోయాడు. పెద్దరికం కొడుకు శూరప్పకి వచ్చింది.

శూరప్ప సభ పెట్టాడు. "అడవిని కాపాడిన మహానుభావుడు మా నాన్నగారు. నడిబొడ్డున విగ్రహం పెట్టాలి."

"కాపాడింది పోలమ్మ కదా?" అంది ఒక కుందేలు.

"పోలమ్మ బతికే ఉంది. బతికున్నవాళ్ళకి విగ్రహం పెడితే బాగుండదు," అన్నాడు కార్యదర్శి నక్క. "పైగా భీమప్పగారు ముందు పరిగెత్తారు కాబట్టే మిగతావాళ్ళు వెనక పరిగెత్తారు. దాన్నే నాయకత్వం అంటారు."

సభ చప్పట్లు కొట్టింది.

పని చెదపురుగులకి అప్పగించారు. మట్టి చిరుత లేచింది. "అయ్యా, చెయ్యెత్తి ఎటో చూపిస్తున్నట్టుంటే నిండుగా ఉంటుంది. ఎటు చూపించమంటారు?" అని అడిగాడు చెదల మేస్త్రి.

"వాగు వైపు చూపించు నాయనా," అంది పోలమ్మ. "విగ్రహం ఎవరిదైతే నాకేం? మళ్ళీ మంటలొస్తే పిల్లలకి దారి తెలుస్తుంది."

"మా గుహ వైపు," అన్నాడు శూరప్ప. "దణ్ణం పెట్టుకున్నవాళ్ళు అటు నుంచి అటే వచ్చి నన్ను కలుస్తారు."

చెయ్యి గుహ వైపే తిరిగింది. ఆపదొస్తే భీమప్పగారు చూపిన దారినే నడవాలని బడిలో పిల్లలకి నేర్పించారు.

మరో వేసవిలో మళ్ళీ అడవి అంటుకుంది. పిల్లలంతా బడిలో చెప్పినట్టే గుహలోకి పరిగెత్తారు. దానికి వెనక దారి లేదు. లోపల పడుకున్న శూరప్ప తోపులాటలో గోడకి అతుక్కుపోయాడు. పొగ కమ్మేసింది.

పోలమ్మ దగ్గుకుంటూ వచ్చింది. "ఇటు రండర్రా! నా గొంతు వినపడే వైపు రండి!"

దొరికినవాళ్ళని దొరికినట్టు బయటికి లాగి వాగు దాటించింది. శూరప్ప ఆమె తోక పట్టుకుని దాటాడు. ఒక లేడిపిల్ల మాత్రం ఊపిరాడక గుహలోనే ఉండిపోయింది.

మంటలారాక ఆ లేడిపిల్ల తల్లి విగ్రహాన్ని కూలదొయ్యబోయింది. అందరూ వచ్చి తలో చెయ్యీ వేశారు. కదల్లేదు. మట్టి చిరుత కార్చిచ్చులో కాలి ఇటుకలా గట్టిపడింది.

"చూశారా!" అన్నాడు నక్క. "అడవంతా కాలినా ఆయన చెక్కుచెదరలేదు." ఆ మాటే విగ్రహం కింద చెక్కించారు.

మర్నాటి నుంచి పోలమ్మ పొద్దున్నే పిల్లల్ని రేవుకి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. తల్లి లేడి కూడా వెంట నడిచేది. ఇక్కడ నీళ్ళు లోతు తక్కువ, ఇక్కడ రాయి జారుతుంది అని ఇద్దరూ చూపించేవాళ్ళు.

ఒకరోజు నక్క తాఖీదు పట్టుకొచ్చాడు. "అనుమతి లేకుండా చరిత్ర చెబుతున్నావట. సంజాయిషీ ఇవ్వాలి."

"పిల్లలు నీళ్ళల్లో ఉన్నారు. కాసేపాగు నాయనా," అంది పోలమ్మ.

నీతి: విగ్రహం కావాలంటే ప్రాణాలు కాపాడనక్కర్లేదు, పదవిలోకి వచ్చే కొడుకుని కంటే చాలు.