మూడింటికి లేపాలి

పోర్టులో క్రేన్ నడిపే ఎల్లారావుకు నవ్వించే నాటకాలంటే చులకన. చక్కిలిగిలి పెడితే ఎవడైనా నవ్వుతాడు, కన్నీళ్ళు తెప్పించినవాడే నటుడని అతని సిద్ధాంతం. పదకొండేళ్ళుగా విషాద నాటికలే రాస్తున్నాడు, ఆడుతున్నాడు, ప్రతిదాని చివరా తప్పకుండా చస్తున్నాడు. ఇంతవరకూ ఒక్క ప్రేక్షకుడి కన్నూ తడవలేదు.

ఆ ఆదివారం నాటిక పోటీలు. పొద్దున్నే టీ తాగుతూ భార్యను పిలిచాడు.

"మంగా, ఈయాల జనం ఏడిసి సత్తారు. నువ్వూ రారాదేటి?"

"నువ్వు సావడం సూడ్డానికి నాను సేపలమ్మడం మానుకోవాలా?" అంటూ మంగాయమ్మ గంప నెత్తికెత్తుకుంది.

ఎల్లారావుకు రోషం వచ్చింది. విసురుగా బయల్దేరాడు. ఆ విసురులో సెల్లు మంచం మీదే మరిచిపోయాడు.

చేపలమ్ముకుని మంగాయమ్మ ఇంటికొచ్చేసరికి ఆ సెల్లు మోగుతోంది. అవతల కోటి. నాటిక సామాన్లు సమకూర్చే పని అతనిది. ఆడగొంతు వినగానే, ఎల్లారావు భార్యగా వేషం కట్టే సాయిదుర్గ అనుకున్నాడు. పూర్ణా మార్కెట్ రొదలో గొంతు చించుకుని చెప్పాడు: "ఎల్లారావు బావ శవానికి దండలు దొరికినాయి. పాడె కూడా కట్టించేసినాను. హాలుకే తెచ్చేత్తన్నాను. మూడింటికి లేపాలి, ఆలీసం సెయ్యకండి!"

మంగాయమ్మ పెట్టిన కేకకు పేటంతా కదిలింది. తగరపువలసలో ఉన్న ఆడపడుచు కబురందగానే ఆటో ఎక్కింది. పోర్టు యూనియన్ కార్యదర్శి శ్రీరామ్మూర్తి జేబులో సంతాప సందేశమూ, చేతిలో పూలచక్రమూ పెట్టుకుని వచ్చేశాడు.

వీళ్ళంతా హాలు చేరేసరికి నాటిక చివరి రంగం నడుస్తోంది. వేదిక మీద పాడె, పాడె మీద ఎల్లారావు, అతని గుండెల మీద పడి సాయిదుర్గ. మంగాయమ్మ మెట్లెక్కి పరుగున వచ్చింది.

"ఎవత్తివే నువ్వు, నా మొగుడి మీద పడి ఏడవడానికి!"

సాయిదుర్గ హడలిపోయి తెర వెనక్కి పారిపోయింది. మంగాయమ్మ పాడె పక్కన కూలబడింది.

"పదకొండేళ్ళు నాటకాలాడినావు, ఒక్కటీ సూడనేదయ్యా! నీ అంతటోడు పేటలో ఎవడున్నాడయ్యా! గంపెత్తుకుని ఈదీది తిరిగి నీ గొప్పలే సెప్పుకున్నాను. నీకు మాత్రం ఒక్కసారీ సెప్పనేదయ్యా!"

ఏదో పొరపాటు జరిగిందని ఎల్లారావుకు అర్థమైంది. లేచి కూర్చుందామనుకున్నాడు. కానీ ఆ మాటలు వింటుంటే ఛాతీ తనంతట తనే పొంగింది. పైగా హాల్లో అక్కడక్కడా ముక్కులు చీదుతున్నారు. పదకొండేళ్ళ కల అది. ఇంకొక్క నిమిషం చచ్చి ఉంటే తప్పేముంది?

ఆ నిమిషంలోనే శ్రీరామ్మూర్తి వేదికెక్కాడు. శవం మీద పూలచక్రం పెట్టి, "ఎల్లారావు గారి మరణం కార్మికలోకానికి తీరని లోటు. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలి" అన్నాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. న్యాయనిర్ణేతలూ నిలబడ్డారు.

వాళ్ళ కళ్ళు తడిశాయో లేదో చూడకుండా ఏ నటుడుండగలడు? ఎల్లారావు ఒక కన్ను తెరిచాడు. దాన్ని మంగాయమ్మ చూసింది.

"ఓరి నీ నాటకం తగలెయ్యా!"

లేవబోయినవాడి వీపు మీద పూలచక్రం పెళ్ళున పడింది. శవం పాడె దిగి పరుగెత్తింది. మంగాయమ్మ కొంగు బిగించి వెంటపడింది. చేతిలో సంతాప సందేశంతో శ్రీరామ్మూర్తి నడుమ ఇరుక్కుని రెండు దెబ్బలు తిన్నాడు. అప్పటిదాకా ఏడ్చిన జనం కుర్చీల్లోంచి జారిపడేలా నవ్వారు. తెర దించాల్సిన కోటి కూడా తాడొదిలేసి పొట్ట పట్టుకున్నాడు.

నాటిక మంట కలిసిందనుకుని ఎల్లారావు ఓ మూల తల వంచుకు కూర్చున్నాడు. సాయంత్రం మైకులో ఫలితాలు వినిపించాయి. ఒకే రంగంలో ఏడిపించి, నవ్వించినందుకు ఉత్తమ నటి, మంగాయమ్మ! అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది ఎల్లారావే. "మా ఆవిడండీ! మా ఆవిడే!" అని ఎదురైనవాళ్ళందరికీ చెప్పాడు. షీల్డు నెత్తిన పెట్టుకుని, పేట వీధిలో భార్య ముందు నడుస్తూ ఊరేగాడు. తనకే బహుమతి వచ్చినా అంత మిడిసిపడేవాడు కాదేమో.

"మంగా, ఒచ్చే ఏడు కూడా మనిద్దరమే ఆడదాం" అన్నాడు ఇంటి గుమ్మంలో.

"ఆడదాం. ఈపాలి నాను సత్తాను, నువ్వు ఏడు" అంది మంగాయమ్మ షీల్డు కొంగుతో తుడుస్తూ.

అయితే ముందు అతనికి ఏడవడం వచ్చో రాదో చూశాకే వేషం ఇస్తానంది.