వంటింట్లో సార్జెంట్ మేజర్

అమెరికా దేశ రక్షణ ప్రస్తుతం ఒక కుర్చీ మీద ఆధారపడి ఉంది. ఆ కుర్చీ మా మనవరాలు దేదీప్య పనిచేసే సైనిక స్థావరంలో, ఒక గది మధ్యలో ఉంటుంది. ఎదురుగా పొడవాటి బల్ల వెనక సార్జెంట్లు, వాళ్ళ నడుమ వాళ్ళందరికీ పెద్దయిన సార్జెంట్ మేజర్ కూర్చుంటారు. సైనికులు ఒక్కొక్కరే వచ్చి, వీపు ఆనించకుండా ఆ కుర్చీలో కూర్చుని, అడిగినవాటికి జవాబులు చెప్పాలి. అందరికన్నా బాగా కూర్చున్నవారు ఉత్తమ సైనికులు. దీన్ని బోర్డు అంటారు. (శత్రువుకు కూడా కుర్చీ వేస్తారా అని అడిగాను. అది సిలబస్‌లో లేదట.)

బోర్డుకు సైనికులు స్వచ్ఛందంగా ముందుకు వస్తారు. స్వచ్ఛందం అంటే ఏమిటో దేదీప్య మంగళవారం ఫోన్‌లో వివరించింది.

"అమ్మమ్మా, గురువారం బోర్డ్. నేను వాలంటీర్ అయ్యాను."

"నువ్వే చెయ్యెత్తావా?"

"లేదు. వెళ్ళాల్సిన అబ్బాయికి విజ్డమ్ టూత్ తీసేశారు, మాట్లాడలేడు. సార్జెంట్ వాట్కిన్స్ నా వైపు చూసింది."

"చూస్తే?"

"చూస్తే వాలంటీర్. అంతే."

మామూలుగా దీనికి నెలల తరబడి చదువుతారు. రెండు రోజుల్లో ఎలా అని అడిగితే, సైన్యం దేనికైనా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని, అందుకే ముందుగా చెప్పనవసరం లేదని సార్జెంట్ వాట్కిన్స్ సెలవిచ్చింది.

నేను మానేయమనే దాన్ని. కానీ వచ్చే నెల దేదీప్య దళం తొమ్మిది నెలలకు పోలండ్ వెళ్తోంది. సామాను సర్దాలని సెలవులన్నీ రద్దు చేశారు, శని ఆదివారాలు కూడా. ఇర్వింగ్ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కు ఆ స్థావరం రెండున్నర గంటల డ్రైవ్. పోలండ్ వెళ్ళేలోపు పిల్ల ఆ దూరం రావడానికి ఒకటే దారి మిగిలింది: బోర్డు గెలిచినవారికి బహుమతిగా నాలుగు రోజులు బయటికి వెళ్ళే పాస్. కాబట్టి గెలవాలి. కాబట్టి నేర్పాలి.

నాకు ఇంగ్లీషు ఏ బడీ నేర్పలేదు. మందుల సీసాల మీది హెచ్చరికలు చదివి నేర్చుకున్నాను. అందువల్ల దేదీప్య పంపిన సైనిక పుస్తకం కష్టమనిపించలేదు. అందులోనూ అన్నీ హెచ్చరికలే. పరీక్షకుడిగా కింది ఫ్లాట్‌లో ఉండే డాక్టర్ రామమోహనరావుగారిని పిలిచాను. ఆయన నలభై ఏళ్ళు గుండెలు చూసి రిటైరయ్యారు. గుంటూరులో చదివే రోజుల్లో వైవాలో ఒక ప్రొఫెసర్ తనను ఏడిపించారట. ఆ బాకీ ఎవరి మీద తీర్చుకోవాలా అని అప్పటి నుంచి ఎదురుచూస్తున్నారు. సార్జెంట్ మేజర్ పదవి అనగానే చొక్కా మార్చుకుని వచ్చారు.

ఫోన్‌ని ఇడ్లీ కుక్కర్‌కి ఆనించి బోర్డు ప్రారంభించాం. నిబంధన ప్రకారం అభ్యర్థి బయటి నుంచి తలుపు ఒక్కసారి గట్టిగా కొట్టాలి. దేదీప్య తన బ్యారక్స్ గది బయటికి వెళ్ళి తన తలుపే కొట్టింది. పక్క గది అమ్మాయి వచ్చి, తాళం పోయిందా అని అడిగింది. (ఆ అమ్మాయి తర్వాతి రోజు కూడా అడిగింది. మంచి పిల్ల.)

"రైఫిల్ పేలకపోతే ఏం చేస్తావు?" అన్నారు రామమోహనరావుగారు.

"సార్జెంట్ మేజర్, తూటాల మ్యాగజీన్‌ని కింద నుంచి కొడతాను, హ్యాండిల్ లాగుతాను, లోపల చూస్తాను, వదులుతాను, ఇంకోసారి తడతాను, కాలుస్తాను."

"మా పాత టీవీకి నేను చేసేదీ ఇదే. నీకెవరమ్మా తుపాకీ ఇచ్చింది?"

"అంకుల్, అలా అడగరు అక్కడ."

"అంకుల్ ఎవరు? సార్జెంట్ మేజర్."

జవాబు తెలియకపోతే తెలియదు అనకూడదు. "సార్జెంట్ మేజర్, ఈ సమయంలో నాకు జవాబు గుర్తు రావడం లేదు" అనాలి. (మా ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళు కూడా ఇదే అంటారు. కాకపోతే నిటారుగా కూర్చుని అనరు.) యూనిఫాం మీది రిబ్బన్లు జేబుకు అంగుళంలో ఎనిమిదో వంతు ఎత్తున ఉండాలి. నేను కుట్టుమిషన్ టేపు తెచ్చి ఫోన్ తెర మీద పెట్టి కొలిచాను. ఆ కొలత ప్రకారం దేదీప్య మొత్తం ఎత్తు నాలుగంగుళాలు. సైన్యంలో ఇంకా ఎలా ఉంచారో అర్థం కాలేదు.

అన్నీ కుదిరాయి, నిష్క్రమణ తప్ప. చివర్లో సెల్యూట్ చేసి, గిరుక్కున తిరిగి, మారు మాట లేకుండా వెళ్ళిపోవాలని పుస్తకంలో ఉంది. అది నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో చెప్పకుండా గడప దాటరు. మా ఆయన ఆస్పత్రికి బయల్దేరిన రోజు "కారు తాళాలేవీ?" అని మాత్రమే అన్నారు. అప్పటి నుంచి నిబంధన కఠినం చేశాను.

"వెళ్ళొస్తాను అను."

"అమ్మమ్మా, అది ప్రొసీజర్ కాదు."

"ఇక్కడ ప్రొసీజరే. మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళు."

ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు వెళ్ళిందో, అన్నిసార్లూ అనిపించాను.

గురువారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గొంతు నీరసంగా ఉంది.

"అన్నీ చెప్పాను, అమ్మమ్మా. సెల్యూట్ చేశాను, తిరిగాను. డోర్ దగ్గర ఆగి, 'వెళ్ళొస్తాను, సార్జెంట్ మేజర్' అన్నాను."

"తెలుగులోనా?"

"తెలుగులో. నోరు దానంతట అదే అనేసింది."

"ఏమన్నాడు?"

"వెనక్కి పిలిచాడు. మీనింగ్ అడిగాడు. వెళ్ళి మళ్ళీ వస్తాను అని, మా ఇంట్లో అలా అనకపోతే బయటికి పోనివ్వరు అని చెప్పాను."

అప్పటికి దేదీప్యకూ ఇంకో సైనికుడికీ మార్కులు సమానంగా ఉన్నాయట. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ గదిలోంచి పోతూ మళ్ళీ వస్తానన్న మనిషిని చూడలేదని సార్జెంట్ మేజర్ అన్నారు. దాన్ని సైనిక ధైర్యం కింద లెక్కగట్టి ఒక మార్కు వేశారు. దేదీప్య గెలిచింది. రామమోహనరావుగారు ఆ మార్కు తన శిక్షణ వల్లేనని ఫ్లాట్లన్నిటికీ చెప్పి వచ్చారు. నేను మినప్పప్పు నానబోశాను.

సాయంత్రం దేదీప్య మళ్ళీ ఫోన్ చేసింది. గెలిచినవారు పై బోర్డుకు వెళ్ళాలి. అది సోమవారం. అప్పటిదాకా చదువుకోవాలి కనుక స్థావరం దాటకూడదు.

"పై బోర్డు అయ్యాక వస్తావుగా?"

"అది కూడా గెలిస్తే ఇంకో పై బోర్డ్ ఉంది, అమ్మమ్మా. తర్వాత ప్యాకింగ్. తర్వాత పోలండ్."

"మరి పాస్?"

"ఇచ్చారు. మూడు నెలల్లో వాడుకోవాలి. రెండు వందల యాభై మైళ్ళ లోపల ఎక్కడికైనా వెళ్ళొచ్చు."

"ఎక్కడి నుంచి?"

"నేను ఎక్కడ ఉంటే అక్కడి నుంచి."

పోలండ్ నుంచి రెండు వందల యాభై మైళ్ళ లోపల మాకు ఎవరున్నారా అని కాసేపు ఆలోచించాను.

ఓడినవాళ్ళ సంగతి కూడా సైన్యం మర్చిపోలేదు. వాళ్ళు మనసు కష్టపెట్టుకోకూడదని (దానికీ ఒక సార్జెంట్ ఉన్నారు) ఆ శని ఆదివారాలు ఇంటికి పంపారు. ప్రతి ప్రశ్నకూ ఈ సమయంలో గుర్తు రావడం లేదని చెప్పిన కుర్రాడొకడు శుక్రవారం సాయంత్రమే ఒక్లహోమా బయల్దేరాడు. అతనికి చదువు చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరట.