పక్కింటికి వెళ్ళిన జెర్రిపోతు

ఆ ఉదయం పిల్లవాడి పుట్టినరోజుకు పరమాన్నం వండాలనుకుంది తాయారు. ఆమె భర్త జగన్నాధం నరసన్నపేటలో ధాన్యం వ్యాపారి. ఆవును పితికితే చెంబులో సగం కూడా రాలేదు. సరిగ్గా అప్పుడే పశువులశాల చూరులోంచి మనిషి పొడవు జెర్రిపోతు దిగింది. గోధుమవన్నె ఒళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు. వాసం మీంచి నూనె జారినట్టు జారి వెళ్ళిపోయింది. భయంతో చెంబు వదిలేసిందే గాని తాయారు చూపు తిప్పుకోలేకపోయింది.

జెర్రిపోతు ఆవు కాళ్ళకు చుట్టుకుని పాలు తాగుతుందని ఆ ఊళ్ళో అందరూ అనేదే. ఇంకేం, దొంగ దొరికినట్టే.

"ఇయ్యాల ఆవుకి సుట్టుకున్నాది, రేపు పిల్లడికి సుట్టుకోదేటి?" అని భర్తను నిలదీసింది. అది విషం లేని పామని అతను చెప్పబోయాడు. విషం లేకపోతే మరీ భయమంది, దానికి మంత్రం కూడా ఉండదు కదా.

శాల నిండా ఇంగువ నీళ్ళు చల్లింది. పాము గోడ దాటి పక్కింటి లక్ష్మణమ్మ గాదె కిందికి చేరింది.

మర్నాడూ పాలు తగ్గాయి. చూస్తే, దూడను కట్టిన తలుగు తాడు వదులై చీకటితోనే కడుపారా తాగేస్తోంది. ఆ సంగతి తేలి సిగ్గుపడేలోగా ఇంట్లోకి ఎలుకలు దిగాయి. ఇన్నాళ్ళూ పట్టపగలే కన్నాల్లో దూరి వాటిని మింగిన ప్రాణిని తనే వెళ్ళగొట్టింది. తమ గాదెలో సొంత పొలానికి దాచిన విత్తనాలున్నాయి. తొలకరి దగ్గరపడింది. యుద్ధం రోజులు, పోతే మళ్ళీ దొరకవు.

"ఇత్తనాలు పోతే ఈ ఏడు ఏటి సల్లుతాం? ఎల్లి పాముని తే," అన్నాడు జగన్నాధం.

తాయారు వెళ్ళేసరికి లక్ష్మణమ్మ తన గాదెకు పసుపు కుంకుమలు పెట్టి ఉంది.

"నమ్మి వచ్చినాది వదినా, పంపను. కావాలంటే నీ ఇత్తనాలే ఇక్కడెట్టుకో."

జగన్నాధం మూలుగుతూ బస్తాలన్నీ అటు చేర్చాడు. అయితే లక్ష్మణమ్మ ఇంట్లో ఉన్న నాలుగు ఎలుకలూ అప్పటికే అయిపోయాయి. మధ్యాహ్నం ఎండలో ఆకలిగా జెర్రిపోతు గోడ దిగి వచ్చింది. వస్తూనే తాయారు గాదె కింద ఒక్క ఉదుటున ఎలుకను అందుకుంది. పిల్లవాణ్ణి చంకనేసుకుని తాయారు ఊపిరి బిగబట్టి చూసింది. ఎంత పొందిక, ఎంత ఒడుపు!

"సప్పుడు సెయ్యకురా నాయినా. అన్నం తింతన్నాది," అంది మెల్లగా.

తర్వాత భర్తకేసి చూసింది. జగన్నాధం తలపాగా చుట్టుకుని బస్తాల కోసం మళ్ళీ పక్కింటికి నడిచాడు.