కత్తెర లోపల ఉంది

నా భార్య స్వరాజ్యలక్ష్మి చనిపోయిన రోజున, నాకోసం ఆమె కత్తిరించిన చొక్కా బట్ట కుట్టుమిషన్ మీదే ఉండిపోయింది. ఆమెతో కలిసి అక్కన్నపేటలో టైలరింగ్ షాపు నడిపిన గులాబ్‌బీ ఈమధ్యే దాన్ని కుట్టడం మొదలుపెట్టింది. ఏడాది మాసికం నాడు తొడుక్కుంటానని నేనే అడిగాను.

అప్పుడే మంత్రిగారు సిద్దిపేట సభలో చారిత్రక ప్రకటన చేశారు. గజ్వేల్‌లో కొత్త వ్యాపారాలు పుడుతుంటే అక్కన్నపేటలో పుట్టకపోవడం ప్రాంతీయ అసమానత అట. నెలాఖరుకు దాన్ని రద్దు చేస్తారట. అసమానతను రద్దు చేయవచ్చని మా బడి స్టాఫ్‌రూంలో ఎవరికీ తోచలేదు.

మర్నాడే ఆ పని చూడటానికి నోడల్ ఆఫీసర్ కర్ణాకర్ గారు మా ఊరికి వచ్చారు.

"దుకాణాలు ఉన్నయి గద సార్," అన్నాడు కటింగ్ షాపు బుచ్చిరాములు.

"ఉన్నయి లెక్కల రావు. పుట్టినయే వస్తయి."

"పుట్టాలంటే ఏం జెయ్యాలె?"

"ముందుగాల మూసెయ్యాలె."

ఎంత సూటి విధానం! సాయంత్రానికి బజారంతా మూతపడింది. కొత్త బోర్డులు వచ్చాయి. పంక్చర్ షాపు 'మొబిలిటీ హబ్' అయింది, టైలరింగ్ షాపు 'ఫ్యాషన్ ల్యాబ్' అయింది. ప్రతి షటర్‌కూ అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టారు. మంత్రిగారు తప్ప ఎవరూ కోయరాదు.

"సార్, పంతులు సార్ అంగీకి చేతులే కుట్టేది ఉన్నది. జెర లోపటికి పోనియ్యున్రి," అంది గులాబ్‌బీ.

"ఇంకా పుట్టని కంపెనీల పనేందమ్మా?" అన్నారు కర్ణాకర్ గారు.

మంత్రిగారు వచ్చారు. ఫ్యాషన్ ల్యాబ్ ముందు నిలబడి చెయ్యి చాపారు. పళ్లెంలో పూలు ఉన్నాయి.

"కత్తెరేది?"

"లోపట ఉన్నది సార్," అంది గులాబ్‌బీ.

"నాది సుత లోపట్నే ఉన్నది," అన్నాడు బుచ్చిరాములు. "కొడవలి తేవాల్నా?"

"సార్ చేతుల కొడవలా?" అన్నారు కర్ణాకర్ గారు. "ఫొటో వేరే పార్టీది అయితది."

మంత్రిగారు కర్ణాకర్ గారి వైపు తిరిగారు. "గజ్వేల్‌ల కత్తెర ఉన్నదా?"

"రెండున్నయి సార్."

ఒక్క రిబ్బనూ కోయకుండానే కాన్వాయ్ గజ్వేల్ వైపు తిరిగింది.

మర్నాడు పేపర్లో చదివాం: వ్యాపారాల పుట్టుకలో గజ్వేల్‌ను దాటిన అక్కన్నపేట. ఆ పేజీ పట్టుకుని బుచ్చిరాములు గడ్డం గీయించుకోవడానికి పక్క ఊరికి పోయాడు.

మంత్రిగారు మళ్లీ వస్తారని కర్ణాకర్ గారు చెబుతూనే ఉన్నారు. రిబ్బన్లు ఎండకు వెలిసిపోయాయి. ఏడాది మాసికం నిన్న అయిపోయింది.

చొక్కాకు ఇంకా చేతులు కుట్టలేదు.