గోవా పెళ్లికి పదును వాన

ఆ శుక్రవారం పొద్దున నల్లప్ప వేసుకున్న ప్రణాళిక చాలా సులువైనది. ఎనిమిదింటికి ఇంటి ముందు నుంచి నలభై మందితో బస్సు కదలాలి. బళ్లారిలో మగపెళ్లివారి బస్సు వచ్చి కలవాలి. రాత్రికి గోవా చేరాలి. మరునాడు పదకొండూ నలభైకి సముద్రపు ఒడ్డున, ఇసుకలో వేసిన పందిట్లో, తన ఒక్కగానొక్క కూతురు చౌడేశ్వరి మెడలో ముదిగుబ్బ అల్లుడు మల్లికార్జున మూడు ముళ్లూ వేయాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి?

ఉరవకొండ దగ్గరి పల్లెలో పన్నెండెకరాల వేరుశనగ రైతుకు గోవాలో పెళ్లేమిటని ఊరంతా నవ్వింది. కోరిక కూతురిది. బెంగళూరులో ఉద్యోగం చేసే చౌడేశ్వరిని పెళ్లి ఎక్కడ చేయాలని అడిగితే ఆ పిల్ల ఒకటే మాట చెప్పింది.

"శెనక్కాయ చెట్టు కంటికి కనపడని చోట చెయ్యి నాయనా."

ఆ మాటకు వెనక పెద్ద చరిత్రే ఉంది. ఆమెకు చెవులు కుట్టించిన రోజు నాయన చేలో కలుపు తీయిస్తున్నాడు. పదో తరగతిలో బహుమతి ఇచ్చిన రోజు కాయలు పెరికిస్తున్నాడు. డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజు కల్లంలో ఉన్నాడు. పెళ్లిరోజు ఒక్కటైనా నాయన తన పక్కన ఉండాలని ఆమె ఆశ. చేనుకీ నాయనకీ మధ్య నాలుగువందల కిలోమీటర్ల దూరం పెడితే తప్ప అది కుదరదని ఆమెకు తెలుసు. నల్లప్ప కూతురి తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

"జూన్‌లో పెండ్లేంది, ఇత్తనాల కాలం కదా?" అని భార్య గంగక్క ముందే హెచ్చరించింది. నల్లప్ప నవ్వి కొట్టిపారేశాడు. "నాలుగేండ్ల నుంచి జూన్‌లో ఒక్క చినుకు రాలిందా? జేష్టం దాటితే ఆషాడం, మళ్లీ ముహూర్తాలు యాడుంటాయి?" అన్నాడు.

గురువారం దీపాలు పెట్టే వేళకు వాన మొదలైంది. రెండు గంటలు ఒకే పట్టున కురిసింది. అనంతపురం జిల్లాలో దీన్ని పదును వాన అంటారు. ఆ తడి నేలలో రెండు రోజులు ఉంటుంది, మహా అయితే మూడు. ఆలోపు విత్తనం పడితే పడినట్టు, లేకపోతే ఆ ఏడు పోయినట్టే. ఆ రెండు రోజులూ ఈ ఊళ్లో చావబోయేవాళ్లు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటారు.

తెల్లారి ఎనిమిదయ్యేసరికి బస్సు దగ్గర నలభై మందికి గాను ఐదుగురు ఉన్నారు. అందులో ఒకరు డ్రైవరు హబీబుల్లా. ఇంకొకరు భూమి లేని డోలాయన. అతనితో సన్నాయి వాయించాల్సిన ఆయనకు మాత్రం రెండెకరాలుంది కాబట్టి రాలేదు.

పెళ్లికి రానని ముఖం మీద చెప్పడం ఆ ఊరి మర్యాద కాదు. అందుకని ఒక్కొక్కరే వచ్చి ఒక్కొక్క కారణం చెప్పిపోయారు. ఒకరింట్లో బర్రె ఈనేటట్టు ఉందట. ఇంకొకరికి బస్సెక్కితే వాంతులని అప్పుడే గుర్తొచ్చిందట. చివరికి పురోహితుడు నడుము పట్టుకుని వచ్చాడు. "నడుం పట్టేసింది నల్లప్పా, లేచి నిలబడలేను," అని నిలబడే చెప్పాడు. ఆయన పంచెకు మోకాళ్ల దాకా ఎర్రమట్టి ఉంది.

నల్లప్ప ఎవరినీ తిట్టలేకపోయాడు. పంపుషెడ్డుకు తాళం వేశానో లేదోనని తెల్లవారుజాము నుంచి తనే మూడుసార్లు చేనికి పోయొచ్చాడు. మూడుసార్లూ మట్టి పిడికిట పట్టి నొక్కి చూశాడు. వేసిన తాళం మాత్రం చూడలేదు. అంతలో ట్రాక్టరు నరసింహులు వచ్చాడు. విత్తనం వేసే గొర్రు కట్టిన ట్రాక్టర్లు ఊళ్లో రెండే ఉన్నాయి, వాటి కోసం ఊరంతా వరుస కట్టి ఉంది.

"తొమ్మిదికి నీ వంతు వచ్చిందన్నా. నువ్వెట్లాగూ పెండ్లికి పోతాండావు కదా, ఇంకోరికి ఇచ్చేస్తా."

"ఆగప్పా, అంత తొందరేంది!" నల్లప్ప అతని చొక్కా పట్టుకున్నాడు. పన్నెండెకరాలు. గట్టిగా తోలితే మధ్యాహ్నం మూడుకు అయిపోతుంది. మూడుకు బయలుదేరినా తెల్లారేసరికి గోవా చేరొచ్చు. కూతురికిచ్చిన మాటా దక్కుతుంది, పదునూ దక్కుతుంది. ఇక మిగిలింది వియ్యంకుడు బయ్యన్నకు ఏం చెప్పాలన్నదే.

"బస్సు టైరు పేలిందని చెప్తా," అన్నాడు హబీబుల్లాతో.

హబీబుల్లా ముఖం ఎర్రబడింది. "నా బస్సు మీద అబద్ధమా? ఇరవై ఏండ్లలో ఒక్క దినం రోడ్డు మీద నిలబడలా ఇది!"

"నీకు మూడెకరాలుంది కదప్పా?"

హబీబుల్లా ఒకసారి తడి నేల వంక చూశాడు. "అయితే ఇంజన్ పోయిందని చెప్పన్నా. టైరంటే గంటలో మారుస్తారు," అని తాళంచెవి జేబులో వేసుకుని తన చేనివైపు నడిచాడు.

నల్లప్ప ఫోన్ చేసి ఇంజన్ సంగతి చెప్పగానే అవతల బయ్యన్న కోప్పడలేదు సరికదా, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. "పోనీలే బావా, నిదానంగా చేయించుకో. ఈడ మా అమ్మ కండ్లు తిరిగి పడిపోయింది. సెలైన్ ఎక్కిస్తాండారు. మేం కూడా సాయంత్రానికే బయల్దేరేది."

తొందర లేదన్న మాట వినగానే నల్లప్పకు ప్రాణం లేచి వచ్చింది. కానీ పక్కనున్న గంగక్క సెలైన్ మాట విన్నది. "వియ్యపోళ్ల ముసలామెకు బాగలేదని తెలిసి తొంగి చూడకపోతే ఎట్లా? రేపు పిల్ల కాపురానికి పోతే జన్మంతా దెప్పుతారు!" అంది. నల్లప్ప ఎంత వారించినా వినలేదు. నడిచి రాలేని రోగి దగ్గరికి ఒట్టి చేతులతో పోకూడదని ఒక బ్రెడ్డు, రెండు కేజీల ఆపిల్ పండ్లు కట్టించుకుని అద్దె కారెక్కింది.

ముదిగుబ్బలో మల్లికార్జున ఇంకో మాట విన్నాడు. అత్తగారింటి బస్సు ఇంజన్ పోయిందట. పెళ్లికొడుకు ముహూర్తానికి ముందు పెళ్లికూతురి ఇంటి గడప తొక్కకూడదని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. కానీ ఇది ఇంజన్ విషయం. వాళ్ల నాయన చేలో ఉన్నాడు కాబట్టి వద్దనేవాళ్లు లేకపోయారు. ఒక మెకానిక్కును వెంటేసుకుని కారు తీశాడు. రాప్తాడు దగ్గర రెండు కార్లూ ఎదురెదురుగా పోయాయి. అత్తగారు ఆపిల్ పండ్ల సంచి పడిపోకుండా పట్టుకునే హడావుడిలో ఉన్నందువల్ల అల్లుణ్ణి చూడలేదు.

గంగక్క ముదిగుబ్బ చేరేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఆస్పత్రికి తీసుకుపోయారేమోనని ఎదురైనవాళ్లనల్లా అడిగింది. ఎవరో చెయ్యి చూపించిన దారిన చేలోకి పోతే, బయ్యన్న తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ల మారెక్క చీర ఎగదోపి, నడుముకు విత్తనాల సంచి కట్టుకుని, గొర్రు వెనక సాలు తప్పకుండా విత్తనం వేస్తూ కనబడింది.

"పెద్దమ్మా! నీకు సెలైన్ పెట్టినారంటే పరిగెత్తుకుంటా వస్తి!"

"నాకా? వాన పడినంక నాకు ఏ జబ్బూ ఉండదమ్మా," అని మారెక్క గంగక్క చేతి సంచిలోంచి ఒక ఆపిల్ తీసి పైటకు తుడుచుకుని కొరికింది. "ఇద్దరు కూలోళ్లు రాలేదు. ఆ పక్క సాలు ఖాళీగా ఉండాది చూడు."

గంగక్క ఒక్క నిమిషం ఆ ఖాళీ సాలును చూసింది. అంతకన్నా ఎక్కువసేపు చూడలేకపోయింది. పట్టుచీర కొంగు బిగించి, ఇంకో సంచి అందుకుంది. రెండు సాళ్లు అయ్యాక మొగుడికి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ముసలామెకు బాగైపోయింది."

"మంచిదైంది. ఈడ ఇంజన్ విప్పతాండారు."

"నీ దగ్గర ట్రాక్టరు సప్పుడేంది?"

"నీ దగ్గరేంది?"

చివరికి గంగక్కే అడిగింది. "ఎన్నెకరాలైంది?"

"పది."

సరిగ్గా అప్పుడే నల్లప్ప వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "నాయనా!"

గట్టుమీద చౌడేశ్వరి నిలబడి ఉంది. చేతులకు గోరింటాకు, పక్కన రాకూడని పెళ్లికొడుకు, అతని పక్కన స్పానరు పట్టుకున్న మెకానిక్కు. బస్సు ఇంజన్ నిక్షేపంగా ఉందని మల్లికార్జున చెప్పడంతో ఆమెకు మొత్తం అర్థమైపోయింది.

"ఇంక రెండెకరాలే పాపా," అన్నాడు నల్లప్ప. అంతకన్నా తెలివైన మాట ఆ క్షణానికి దొరకలేదు.

చౌడేశ్వరి అరవలేదు. గట్టు దిగి నాయన ఎదురుగా వచ్చి నిలబడింది. "నా ప్రతి పండగా ఈ చేనే తినేసింది. ఈ ఒక్క దినమన్నా నా పక్కన ఉంటావని అంత దూరం పోదామంటి. నాకు గోవా ఎందుకు నాయనా? నువ్వు కావాలని కదా!"

గొర్రు మీద ఉన్న నల్లప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "ట్రాక్టరు ఆపప్పా నరసింహులూ. ఆ రెండెకరాలు బీడు పోనీ. వానను నమ్మి చెడిపోయినోళ్లు ఊరినిండా ఉండారు, కరువును నమ్మి చెడిపోయింది నేనొక్కణ్ణే. పద పాపా, బస్సెక్కుదాం."

చుట్టుపక్కల చేలల్లో పనిచేస్తున్నవాళ్లందరూ చేతిలో పని ఆపేశారు. నడుము పట్టేసిన పురోహితుడు కూడా పక్క చేలో నిటారుగా నిలబడి చూశాడు. పదును మీదున్న నేలను ఒక రైతు తానుగా వదిలేయడం ఆ ఊరు అంతవరకూ చూడలేదు. చౌడేశ్వరి ఆ రెండెకరాల వంక చూసింది. తడిసి, నల్లబడి, ఎదురుచూస్తూ ఉంది ఆ నేల. ఎంత బెంగళూరు ఉద్యోగమైనా ఆమె ఆ చేలోనే పెరిగిన పిల్ల కదా!

"బీడు పెడతావా? సిగ్గులేదా నీకు?" అని నాయన మీద విరుచుకుపడింది. "ఎక్కు. ఆ రెండెకరాలూ అయిపోనీ. పెండ్లి రేపు ఈడే, మనింటి ముందరే చేసుకుంటాం. కానీ పెండ్లయినాక సముద్రానికి మేమిద్దరమే పోతాం. ఇంకొకరు మా వెంట రాకూడదు. ఒట్టెయ్యి!"

నల్లప్ప మట్టి చేత్తోనే ఒట్టు వేశాడు. ఫోనులో బయ్యన్న కూడా, తెల్లారేసరికి తమ పని అయిపోతుందని, ముహూర్తానికి గంట ముందే వచ్చి వాలతామని ఒప్పుకున్నాడు. ఇక గోవాలో పందిరి వేసి కూర్చున్న రిసార్టు వాళ్లకు ఏమని చెప్పాలా అని అందరూ తలలు పట్టుకుని ఉండగా వాళ్లే ఫోన్ చేశారు. అక్కడ పెళ్లిళ్ల ఏర్పాట్లు చూసుకునే హైదరాబాదు అమ్మాయి మాట్లాడింది.

"సార్, చాలా సారీ సార్. ఇక్కడ విపరీతమైన వాన. మీ పందిరి మొత్తం సముద్రంలోకి కొట్టుకుపోయింది. రేపు పెళ్లి జరిపించలేం సార్."

మోకాళ్ల దాకా బురదలో ఉన్న నల్లప్ప ఒక్కసారిగా పెద్దమనిషైపోయాడు. "ఏమమ్మా, ఇదేనా మీ పద్ధతి? పొద్దున్నుంచి నలభై మందిమి పస్తులతో బస్సులో కూచోని వస్తాండాం! రేపు మా పిల్ల పెండ్లి ఏం కావాల?"

చౌడేశ్వరి నోటికి గోరింటాకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ అమ్మాయి ఇంకో పదిసార్లు క్షమాపణ చెప్పి, నలభై మందికీ గదులు వారం రోజుల పాటు అలాగే ఉంచుతామని, ఎప్పుడు వచ్చినా సరేనని బతిమాలుకుంది. నల్లప్ప పెద్దమనసు చేసుకుని క్షమించాడు.

శనివారం పదకొండూ నలభైకి నల్లప్ప ఇంటి ముందు పెళ్లి జరిగింది. సన్నాయీ వచ్చింది, పురోహితుడి నడుమూ బాగైంది. కన్యాదానం చేసేటప్పుడు నల్లప్ప చేతుల్లో ఎర్రమట్టి ఎంత కడిగినా పోలేదు. పీటల మీద కూర్చున్నంతసేపూ ఆయన ఒక్కసారి కూడా చేనివైపు చూడలేదని గంగక్క లెక్కపెట్టి మరీ చెబుతుంది.

ఆదివారం సాయంత్రం కొత్త దంపతులిద్దరూ గుంతకల్లులో రైలెక్కారు. సోమవారం పొద్దున అదే రిసార్టు ముందు చౌడేశ్వరి చేతిలో కాఫీ, పక్కన మొగుడు, ఎదురుగా సముద్రం. వాన వెలిసింది. చుట్టూ ఎంత వెతికినా వేరుశనగ చెట్టన్నది లేదు. ఆమె హాయిగా కళ్లు మూసుకుంది.

వెనక నుంచి బస్సు హారన్ మోగింది. హబీబుల్లా ముందు డోరు తెరిచాడు. మొదట మారెక్క దిగింది. తర్వాత బయ్యన్న, గంగక్క, పురోహితుడు, డోలాయన, బర్రె ఈనిన ఇంటివాళ్లు, వాంతుల మనిషి. మొత్తం నలభై మంది. అందరికన్నా చివర నల్లప్ప దిగాడు.

"నాయనా! ఒట్టేసినావు కదా!"

"నేను యాడ మాట తప్పినా పాపా? మీ వెంట ఎవరూ రాలేదు. మీరిద్దరూ రైల్లో వచ్చినారు, మేం బస్సులో వచ్చినాం," అన్నాడు నల్లప్ప. తర్వాత గొంతు తగ్గించి, "ఇత్తనం పని అయిపోయింది మా. ఇంక మూడు దినాలు నీ పక్కనే ఉంటా," అన్నాడు.

చౌడేశ్వరికి కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ, నవ్వూ వచ్చాయి. నాయన చెయ్యి పట్టుకుని నీళ్ల అంచుకు తీసుకుపోయింది. అరవై ఏళ్ల జీవితంలో నల్లప్ప సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూస్తూ నిలబడిపోయాడు. ఇన్నాళ్లకు నాయన తనతో నిలబడి తను చూసేదే చూస్తున్నాడని ఆమె మనసు నిండిపోయింది.

నల్లప్ప మెల్లగా వంగి గుప్పెడు తడి ఇసుక తీసుకున్నాడు. పిడికిట్లో నొక్కి చూశాడు. ఒడ్డు పొడవునా ఆ చివరి నుంచి ఈ చివరికి కళ్లతోనే కొలిచాడు.

"ఇట్లాంటి ఇసక నేలలో కాయ ఎంత బాగా ఊరతాది పాపా! ఇంత చేనూ బీడు పెట్టుకొని ఈతలు కొడతాండారు చూడు."