అల్లుడుగారి అలక

కొత్తరాయవరంలో కొత్త యంత్రం ఏదొచ్చినా జనం పిలిచే పేరుకు తగ్గట్టే పనిచేస్తుంది. చేసినవాళ్లు ఏమనుకుని చేశారన్నది ఎవరికీ పట్టదు. ఇందులో వింతేమీ లేదు. అందుకే మునిసిపాలిటీలో నీళ్ల విభాగం పక్కన పేర్ల విభాగం కూడా ఉంది.

సుభాషిణి ఊపిరాడనివాళ్లకు గాలి అందించే యంత్రం చేసింది. మంచంపట్టిన తల్లి మాణిక్యమ్మ కోసమే చేసింది పాపం. ముందుగా ఆస్పత్రిలో పెడితే, ఇక లాభం లేదనుకున్న రోగుల్నే తెచ్చి దానికి తగిలించారు. వాళ్లు పోయారు. టీకొట్టు దగ్గర ఎవడో దాన్ని ‘యముడి పెట్టె’ అన్నాడు. మర్నాడు సుభాషిణి ఇంటికి తెచ్చి తల్లికి పెట్టేసరికి అది గాలి ఇవ్వడం మానేసి, ఉన్న గాలి లాక్కోవడం మొదలెట్టింది.

సుభాషిణి పేర్ల విభాగానికి పరుగెత్తింది. “పేరు మార్చండి బాబూ, మా అమ్మకి ఊపిరాడ్డం లేదు” అంది.

గుమాస్తా ఆదిశేషయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. “మన ఊళ్లో ఎవర్నమ్మా పల్లెత్తు మాట అననిది? అల్లుణ్ణి. అదే పెడదాం.”

బారసాల చేశారు. యంత్రానికి చెవి లేదు కాబట్టి స్విచ్చి దగ్గర ముమ్మారు పేరు చెప్పి, పట్టుపంచె చుట్టారు. ఊరంతా మురిసిపోయింది. యంత్రం గాలి లాక్కోవడం ఆపి, ఎర్రదీపం వెలిగించుకుని అలిగి కూర్చుంది. ఏసీ పెట్టించారు. బంగారు గొలుసు వేశారు. దీపం పచ్చబడింది గానీ గాలి మాత్రం రాలేదు.

“పని చెయ్యట్లేదండీ” అంది సుభాషిణి.

“మెల్లిగా, వింటారు. అల్లుడుగారి చేత పనేమిటమ్మా, తప్పు కదూ” అన్నాడు ఆదిశేషయ్య.

చేసేదిలేక సుభాషిణి యంత్రం వెనక చాపేసుకుని, తల్లి మాస్కుకు గొట్టంతో కలిపిన రబ్బరు బుడగ చేత్తో నొక్కుతూ కూర్చుంది. మాణిక్యమ్మకి ఊపిరి కుదుటపడింది. చూడ్డానికొచ్చినవాళ్లు యంత్రానికి దండం పెట్టి, పళ్లు దాని ముందు పెట్టి వెళ్లారు. పక్క ఊళ్లవాళ్లు కూడా తమకో అల్లుడు కావాలన్నారు. మునిసిపాలిటీ సరేనంది. వెనక కూర్చునే ఆడమనిషిని విడిభాగాల కింద రాసుకున్నారు.

ఓ సాయంత్రం మాణిక్యమ్మ కళ్లు తెరిచి, మాస్కు కాస్త జరిపి, యంత్రం వంక ఎంతో ప్రేమగా చూసింది.

“నా ప్రాణం నిలబెట్టాడే. అల్లుడుగారికి కాఫీ ఇచ్చావుటే?”

“ఇచ్చానమ్మా” అంది సుభాషిణి, చెయ్యి ఆపకుండా.